పాలసొర తినని బాలింత

నేను పాలు మానేశానని చెప్పిన రోజున ఇంట్లో ఎవరో పోయినట్టు అమ్మ మంచం మీద కూలబడింది. పోయింది నా గ్లాసు కాఫీ మాత్రమే. మానింది నేను, ఓదార్పులు అమ్మకి.

రెండువేల సంవత్సరం తర్వాతి మాట. బెంగుళూరులో ఉద్యోగం చేస్తూ, పురుటికి పాలకొల్లు దగ్గరున్న పుట్టింటికి వచ్చాను. చేపలు, మాంసం, గుడ్లతో పాటు పాలూ పెరుగూ నెయ్యీ కూడా ముట్టనన్నాను. దాన్ని వీగన్ అంటారని చెప్పాను.

"మరేం తింటావే, గాలా?" అంది మామ్మ, మా నాన్నగారి అమ్మ.

అందరూ బెంగుళూరునే తిట్టారు. నిజానికి కారణం మా గేదెల పాకలోనే ఉంది. చిన్నప్పుడు మా గేదె దూడ చచ్చిపోతే, దాని తోలులో గడ్డి కుక్కి తల్లి ముందు నిలబెట్టారు. గేదె దాన్ని నాకుతూ నాకుతూ పాలు చేపింది. నాన్నగారు బిందె నిండా పితికారు. ఆ పూట నేను పెరుగన్నమే తిన్నాను, అబద్ధమెందుకు. పెరుగు అరిగింది. గడ్డి దూడ మాత్రం అరగలేదు.

పాప పుట్టాక మొదట్లో గొడవే లేదు. పురుటి పథ్యమని మామ్మే నాకు పాలూ పెరుగూ దగ్గరికి రానివ్వలేదు. పాతబియ్యం అన్నం, వెల్లుల్లి కారం, నువ్వుల నూనె.

"మామ్మా, నువ్వూ వీగనే."

"అదేం జబ్బే?"

గొడవ తూకంతో మొదలైంది. పిల్ల పెరగాల్సినంత పెరగలేదని, వారం ఆగి మళ్ళీ చూద్దామని ఇంటికొచ్చి తూచిన నర్సమ్మ చెప్పి వెళ్ళింది. సాయంత్రానికల్లా నాన్నగారు నరసాపురం నుంచి పాలసొర తెచ్చేశారు. ఆ చేప తింటే బాలింతకి పాలు పడతాయని మా వైపు ప్రతి ఇంట్లోనూ నమ్మకం. నేను పళ్ళెం జరిపేశాను.

"నీ కోసం కాదే. నీ పిల్ల పాల కోసం," అంది మామ్మ.

"గడ్డి దూడని నాకుతూ మన గేదె కూడా 'నా పిల్ల పాలు' అనే అనుంటుంది మామ్మా."

మామ్మ పళ్ళెం తీసుకుని లేచింది. మా మామ్మ వాదన మధ్యలో లేవడం నేనెప్పుడూ చూడలేదు, కాబట్టి భయపడ్డాను. పిల్ల విషయంలో అంతకన్నా భయపడ్డాను. అందుకే నేనే అన్నాను: "వచ్చే తూకంలో పెరగకపోతే తింటాను. పెరిగితే మళ్ళీ ఆ మాటెత్తకూడదు."

"సరే. కానీ వారం రోజులూ నేను పెట్టిందల్లా తినాలి."

మర్నాటి నుంచి మునగాకు కూర, మునగాకు పప్పు, మునగాకు పొడి. నువ్వులూ బెల్లం దంచిన ఉండలు. డాక్టరుగారు రాసిన బి ట్వెల్వ్ మాత్ర వేసుకుంటుంటే మామ్మ పట్టుకుంది. "ఆకులే చాలితే ఆ మాత్రెందుకే?" నీళ్ళు తాగి మింగేశాను.

మధ్యలో ఒకరోజు అమ్మ అన్నం అడుగున నెయ్యి దాచి, పైన కందిపొడి కప్పి తెచ్చింది. నేను వాసన పట్టేలోపే మామ్మ పట్టేసింది.

"కూతురి ముందు గడ్డి దూడని నిలబెడతావేంటే? అది తినకపోతే మానె. మోసం చెయ్యకు."

అమ్మ ఏడ్చింది. మామ్మ ఆ కంచం తన వైపు లాక్కుని, నెయ్యి వృథా కాకుండా తనే తినేసింది.

వారానికి నర్సమ్మ మళ్ళీ వచ్చి పిల్లని తూకం ఉయ్యాల్లో వేసింది. ముల్లు నిలబడేదాకా ఇంట్లో అందరూ దాని మీదికే వంగారు. నేను కూడా.

"బాగా పెరిగిందండి. తల్లికి ఏం పెడుతున్నారేంటి?"

"మునగాకండి," అంది మామ్మ. నా వైపు చూసి, "మిగతాది దాని మొండితనమండి. అది మా వైపు నుంచే వచ్చింది."

ఆ మధ్యాహ్నం మామ్మ నా పక్కనే పీట వేసుకుని, మళ్ళీ తెప్పించిన పాలసొరని పొడిపొడిగా వేయించిన పుట్టు తింది. మాట ప్రకారం నన్ను తినమనలేదు. నేను కూడా తననేమీ అనలేదు.