యాదమ్మ తిట్టని మధ్యాహ్నం

రిటైర్‌మెంటుకు మూడేళ్ల ముందు ఇబ్రహీంపట్నం దగ్గరి ఒక టీచింగ్ ఆసుపత్రిలో న్యూరోసర్జరీ విభాగాధిపతిగా చేరాను. ఆ తొలి వేసవిలో వచ్చిన పేషెంటు యాదమ్మ. బొంగులూరు వైపు కూరగాయలు పండించే మనిషి, యాభై దాటింది. చిన్నమెదడులో కణితి. అది దారికి అడ్డుపడటంతో మెదడులో ఊరే నీరు బయటికి పోలేక నిలిచిపోయింది. ఆ ఒత్తిడికి తలనొప్పి, వాంతులు, చూపు మసక.

ముందు నీటి సంగతి చూసి, వారం తర్వాత కణితి తీద్దామనుకున్నాం. నీటి కోసం షంటు వేశాం. అంటే సన్నటి గొట్టం. మెదడులోంచి చర్మం కిందుగా పొట్టలోకి దింపితే, అదనపు నీరు అక్కడ ఇంకిపోతుంది. ఆపరేషన్ సాఫీగా జరిగింది. మర్నాడు పొద్దున రౌండ్సుకు వెళ్లేసరికి యాదమ్మ ఇడ్లీని, నర్సును, ఫ్యానును వరసపెట్టి తిడుతోంది. నన్నూ వదల్లేదు.

"సగం గుండు జేసినవ్ సారూ, జేస్తే మొత్తం జెయ్యకపోయినవ్?"

కేసు షీటులో 'బాగుంది' అని రాసి నవ్వుకుంటూ వచ్చాను.

మధ్యాహ్నం కొంగరకలాన్‌లో మీటింగుకు బయల్దేరుతుంటే ఆమె కూతురు స్వరూప వరండాలో అడ్డం నిలబడింది.

"సార్, మా అమ్మ మాట్లాడ్తలేదు."

డ్యూటీ డాక్టరు అప్పటికే చూశాడట. నాడి, బీపీ సరిగానే ఉన్నాయి, పిలిస్తే కళ్లు తెరుస్తోంది. ఆపరేషన్ బడలిక, నిద్రపోతోందమ్మా అన్నాను.

"నిద్రల గూడ తిడ్తది సార్ ఆమె. గిట్ల సప్పుడు లేకుంట ఎన్నడు పండలే."

నవ్వబోయి ఆగాను. వెనక్కి వెళ్లి పేరు పెట్టి పిలిచాను. యాదమ్మ కళ్లు తెరిచి, నన్ను చూసి, మళ్లీ మూసుకుంది. ఒక్క తిట్టూ లేదు. అప్పుడు భయం వేసింది. వెంటనే సీటీ స్కాన్‌కు పంపాం. గొట్టం సరైన చోటే ఉంది, నీరు తగ్గింది, కానీ కణితి లోపల తెల్లటి మచ్చ. స్కాన్‌లో కొత్త నెత్తురు అలా తెల్లగా కనబడుతుంది. అరుదైన సంగతే. ఒత్తిడి ఒక్కసారిగా తగ్గితే కణితిలోని పెళుసు రక్తనాళాలు చిట్లవచ్చు. పుస్తకాల్లో చదివాను, కళ్లతో చూడటం అదే మొదలు.

వారం ఆగుదామన్న ఆపరేషన్‌కు గంటలో సిద్ధమయ్యాం. బతుకుతదా అని స్వరూప అడిగితే, చెప్పలేనన్నాను.

"అబద్ధమైతే చెప్పలే, గది చాలు" అంది.

గడ్డకట్టిన నెత్తురునూ కణితినీ కలిపి తీశాం. మూడో రోజు యాదమ్మ కళ్లు తెరిచి, ముక్కులోని గొట్టం తడుముకుని, "గిదెవడు వెట్టిండు?" అంది. నడకలో కాస్త తూలుడు మిగిలింది. చేతికర్రతో చేనుకు పోతోందని తర్వాత తెలిసింది.

ఆ వారంలోనే మా వార్డు షీటులో ఒక గడి చేర్పించాను: 'రోగి మామూలుగా ఎలా ఉంటారు? ఇంటివాళ్లను అడిగి రాయండి.' షంటు వేశాక మనిషిలో తేడా ఉందని ఇంటివాళ్లంటే, నాడి ఎలా ఉన్నా స్కాన్‌కు పంపాలని నియమం పెట్టాను. ఆ తర్వాత కొన్ని స్కాన్లు వృథాగా పోయాయి. వాటి గురించి జూనియర్లను ఎప్పుడూ ఏమీ అనలేదు.