ఎర్రతేలు, మా పెద్దబాపు

మొన్న మా పాత పెంకుటిల్లు విప్పుతుంటే, పెంకుల సందులోంచి చిటికెన వేలంత ఎర్రతేలు ఒకటి జారి నేల మీద పడింది. "చిన్నదే గదా అవ్వా, దాని తొవ్వల అది పోతది" అన్నాడు పైనున్న మేస్త్రీ. మోకాళ్ల నొప్పులతో గోడ పట్టుకుని నడిచే నాకు ఎక్కడినుంచి వచ్చిందో ఆ ఓపిక, నాలుగంగల్లో వెళ్లి, చెప్పుకాలితో దాన్ని మట్టిలో కలిసేదాకా నూరాను. మేస్త్రీ నవ్వాడు. నవ్వనీ. యాభై ఏళ్లుగా ఎర్రతేలు కనబడితే నేను చేసేది అదే.

మా ఈడువాళ్లకు చెప్పనక్కర్లేదు, ఇచ్చోడ చుట్టుపక్కల పల్లెల్లో ఆ రోజుల్లో తేలు కుట్టనివాళ్లంటూ ఉండేవారు కాదు. అయితే మేమంతా హడలిపోయింది అరచేయంత నల్ల మండ్రగబ్బకు. అది కుడితే మనిషి ఇల్లెగిరిపోయేలా అరుస్తాడు గాని సాధారణంగా చావడు. ప్రాణం తీసేది ఈ చిన్న ఎర్రది. ఆ సంగతి నేను నర్సు చదువులో తెలుసుకున్నాను.

మా చెల్లెకు అప్పుడు ఆరేళ్లు. పొద్దున్నే పొయ్యిలోకి పిడకలు తేబోయి ఎర్రతేలు చేత కుట్టించుకుంది. ఆ రోజు వారపు అంగడి కావడంతో ఉట్నూరు పోయే జీపు మా వాకిటి ముందే ఆగి ఉంది, బాపు చెల్లెను భుజాన వేసుకుని ఎక్కనే ఎక్కాడు. అంతలో బాపుకు అన్న, మా పెద్దబాపు అడ్డం వచ్చాడు. ఊరందరికీ తేలు మంత్రం వేసేది ఆయనే. "ఇంట్ల నేనుండంగ దవాఖానకు తీస్కపోతవా? ఊరోళ్లకు నా మొఖం ఎట్ల సూపియ్యాలె?" అన్నాడు. అన్న మాట ఏనాడూ దాటని బాపు చెల్లెను తీసుకుని దిగాడు. జీపు వెళ్లిపోయింది.

పెద్దబాపు వేపమండలతో మంత్రిస్తుంటే కాసేపటికే చెల్లె ఏడుపు మానింది, నొప్పి లేదంది. విషం దిగిందని అందరూ సంబరపడ్డారు, మమ్మల్ని కన్న అవ్వ ఆయన కాళ్లు మొక్కింది. అప్పటికే పిల్లకు నీళ్లు పోసినట్టు చెమట, రెండుసార్లు వాంతి, చేతులూ కాళ్లూ చల్లబడ్డాయి. చెమటతో విషం బయటకు పోతోందన్నాడాయన. అది పోవడం కాదు, గుండెకు చేరడం. మధ్యాహ్నానికి ఆయాసం వచ్చి నోటివెంట ఎర్రటి నురుగు కక్కింది. బాపు మళ్లీ ఎత్తుకుని రోడ్డు మీదికి పరుగెత్తాడు గాని, బండి దొరికేలోపే చెల్లె పోయింది.

ఆయువు తీరిందని చెప్పి, పెద్దబాపు మరుసటి వారమే ఇంకొకరికి మంత్రం వేశాడు. ఆయన తల నలుగురిలో దించాలని నేను అప్పుడే ఒట్టు పెట్టుకున్నాను. నర్సునైనందుకు సేవాగుణమని చాలామంది పొగిడారు. పగ అని ఎవరికీ చెప్పలేదు, మీకు చెబుతున్నాను.

చాలా ఏళ్లకు, మా ఊరికి దగ్గర్లోని ఒక చిన్న దవాఖానలో నేను పనిచేస్తుండగా, ఒక అంగడి రోజున తువ్వాలుతో ముఖం దాచుకుని ఒక ముసలాయన వచ్చాడు. పెద్దబాపే. కుట్టింది ఎర్రతేలు, అదే చెమట, అవే చల్లని చేతులు. రక్తపోటుకు వాడే చిన్న మాత్రే ఆ విషానికి పనిచేస్తుందని అప్పటికి తెలిసింది. డాక్టరు రాసిన ఆ మాత్ర నా చేతిలో ఉంది. నిజం చెప్పాలంటే, ఇవ్వడానికి ఒక్క క్షణం చెయ్యి రాలేదు. అప్పుడాయన నా చెయ్యి పట్టుకుని, "బిడ్డా, ఊర్ల జర ఎవ్వలకు చెప్పకు" అన్నాడు. ఆ మాటతో నాకు దారి దొరికింది. మాత్ర వేశాను. అది వేసుకున్నాక గంటలకొద్దీ లేవకూడదు. లోపల మంచాలు ఖాళీగా ఉన్నా ఆయనను వరండాలో పడుకోబెట్టి, తువ్వాలు తీసి పక్కన పెట్టాను. అంగడికి వచ్చిన మా ఊరివాళ్లంతా పొద్దుగూకేదాకా ఒకరి తర్వాత ఒకరు ఆయనను చూసిపోయారు. ఆయన కళ్లు మూసుకున్నాడు గాని నిద్రపోలేదని నాకు తెలుసు. నా కడుపుమంట చల్లారింది, అందుకు నాకు ఇప్పటికీ బాధ లేదు.

ఆ తర్వాత ఆయన మంత్రం మానేశాడు. ఎవరిని తేలు కుట్టినా తానే జీపు మాట్లాడి నా దగ్గరికి పంపేవాడు. ఇప్పుడు పెంకుటిళ్లు పోయి స్లాబులొచ్చాయి, ఫోను చేస్తే అంబులెన్సు వాకిట్లోకి వస్తోంది, మంత్రం వేసేవాళ్లూ కనబడరు. ఆయనా లేడు. పోయేముందు నాకు కబురు పెట్టాడు, నేను వెళ్లలేదు. చివరికి మంచివాడయ్యాడని ఊరంతా అంటారు. నిజమే, ఎవరెవరి బిడ్డలనో జీపు ఎక్కించాడు. ఆ పొద్దు దించిన బిడ్డను మాత్రం మళ్లీ ఎక్కించలేకపోయాడు.