సుబేదారు గారింటి గడియారం

మే నెలలో ఇంటర్వ్యూ కోసం ఢిల్లీ వెళ్లి, వారం ముందుగానే ఆ నగరాన్ని ఆనుకుని ఉన్న ఇందిరాపురంలో మా జిల్లావారైన ఒక విశ్రాంత సుబేదారు గారింట బస చేశాను. నేను వెళ్లిన ఆదివారమే ఆయన తన పాత గోడ గడియారాన్ని తుక్కువాడికి ఇచ్చేయబోతున్నారు.

"ఎండాకాలం వస్తే వారానికి రెండు నిమిషాలు వెనకబడిపోతోందయ్యా. ఫౌజీ ఇంట్లో లేటు గడియారమా?"

"ఒక్క వారం ఆగండి అంకుల్. వేడికి లోలకం కడ్డీ సాగుతుంది, అందుకే నెమ్మదిస్తుంది" అని చెప్పి, గుండు కింద ఉన్న మరను తిప్పి, గుండును వెంట్రుకవాసి పైకి జరిపాను.

తరువాతి ఆదివారం ఆయన ఫోను పక్కన పెట్టుకుని పోల్చి చూశారు. ముల్లు ఒక్క నిమిషమైనా వెనకబడలేదు.

"అచ్ఛా! ఇది ఏ కాలేజీలో నేర్పారు?"

లోలకం సూత్రం నాకు కళాశాలే నేర్పింది. మర ఎటు తిప్పాలో మాత్రం చదువు రాని మా నాన్నగారు నేర్పారు. ఆయన బడిలో అటెండరు. అక్కడి గడియారం గుండును వేసవికి పైకి, చలికాలానికి కిందికి జరిపేవారు. ఆ మాటే చెప్పాను.

"అయితే మీ ఇంట్లో మొదటి ఇంజినీరు ఆయనేనన్నమాట!" అన్నారు అంకుల్.

మరునాడు ఇంటర్వ్యూలో నాన్నగారి వృత్తి అడిగారు. దరఖాస్తులో నేను "విద్యాశాఖ ఉద్యోగి" అని రాసి ఉన్నాను. ఆ మాట చెప్పకుండా, ఆయన బడి అటెండరని, ఊరంతటికీ వేళ తెలిపిన బడి గడియారాన్ని నడిపించింది ఆయనేనని చెప్పాను.