మల్లవ్వ ఒక్కపొద్దులు

2023 వానాకాలం. పాలకుర్తి మండలంలోని ఒక ఆరోగ్య సబ్ సెంటర్‌లో నేను ఏఎన్ఎంని. ఎన్‌సీడీ, అంటే బీపీ, షుగర్ లాంటి అంటుకోని జబ్బులున్నవాళ్ల ఇళ్లకు నెలకోసారి వెళ్లి, బీపీ చూసి, నెలకు సరిపడా గోలీలు ఇవ్వడం నా పని.

మల్లవ్వకు డెబ్బై దాటాయి. ఒక్కతే ఉంటుంది. భూపాలపల్లిలో ఉద్యోగం చేసే కొడుకు రాజయ్య రోజూ పొద్దున ఫోన్ చేసి "గోలీ ఏసుకున్నవా అవ్వా?" అని అడిగేవాడు. "ఏసుకున్న" అనేది. అయినా మూడు నెలలుగా బీపీ 180 కిందికి దిగలేదు.

ఒకరోజు రాజయ్య నాకే ఫోన్ చేశాడు. "అక్కా, ఈ నెల గూడ తగ్గకపోతే ఇంటికి తాళమేసి అవ్వను తోల్కపోత."

ఆ మాట చెప్పగానే మల్లవ్వ ముఖం వాడిపోయింది. "ఆడ తలుపులు పెట్టుకొని కూసోవాలె బిడ్డా. ఈ వాడకట్టు ఇడిసి నేను బతుకుతనా?"

జనగామ గ్రంథాలయంలో బీపీ మీద దొరికిన ప్రతి పుస్తకం నోట్సు రాసుకుంటూ చదివినదాన్ని. అన్నింటిలోనూ ఉప్పు గురించే ఎక్కువ. అందుకే నేరుగా మామిడికాయ తొక్కు జాడీ మూత తీశాను.

"జాడంత నేనే తింటనా? నాది కడుపా, గోలెమా?" అని నవ్వింది.

జాడీ పక్కన ఒక డబ్బా ఉంది. అందులో నేనిచ్చిన గోలీలు సగం అలాగే ఉన్నాయి.

"ఇవేందవ్వా?"

"పొద్దుగాల తిన్నంక ఏసుకొమ్మన్నవు గద. ఒక్కపొద్దు నాడు పొద్దుగాల తినకపోతి, ఏసుకోకపోతి."

"సోమవారం, శనివారం సరే. మిగిలిన గోలీలు ఆ లెక్క కంటే ఎక్కువున్నయి. ఇయ్యాల బుధవారం, పొయ్యి సల్లగుంది. ఇది ఏ దేవునిది?"

డబ్బా మూత పెట్టింది. "దేవునిది కాదు బిడ్డా. ఒక్కదానికి ఏం పొయ్యి ముట్టియ్యాలె? తిన్నవా అని ఎవరన్న అడిగితే ఒక్కపొద్దని చెప్త. ఇంకేం అడగరు."

తప్పు నాది కూడా. తిన్నాక వేసుకోమన్నాను కానీ, తింటున్నావా అని అడగలేదు. ఏమీ తినకపోయినా ఆ గోలీ వేసుకోవచ్చని, అడిగితే మా డాక్టరు గారు చెప్పారు. గోలీ సంగతి అలా తేలింది. తిండి సంగతి తేల్చింది ఎదురింటి లచ్చక్క. ఆమె కూడా ఒంటరిదే.

"రేపటి సంది నీ బియ్యం, నా పొయ్యి" అంది.

"నీ కూరల ఉప్పుండది గదనే!"

"బీపీ దానివి, నీకు ఉప్పెందుకే?"

రాజయ్యకు ఒక్కటే చెప్పాను. "అన్నా, గోలీ తర్వాత అడుగు. ముందు ఏం కూరనో అడుగు."

మరుసటి నెల బీపీ 156, ఆ పై నెల 138. రాజయ్య మళ్లీ తాళం మాట ఎత్తలేదు. ఇప్పుడు ఫోన్ పావుగంటకు గానీ తెగదట. కూర మాడింది ఎవరి వల్లనో మల్లవ్వా, లచ్చక్కా ఇద్దరూ చెప్పాలి కదా!

నా రిజిస్టర్‌లో బీపీకీ, గోలీలకూ గడులున్నాయి. ఒంటరిగా ఉండేవాళ్ల పేరు పక్కన నేను ఇంకో ప్రశ్న రాసుకున్నాను: నిన్న ఎవరితో కలిసి తిన్నారు? జవాబు వెంటనే రాకపోతే, బీపీ మిషన్ పక్కన పెట్టి కూర్చుంటాను.