పిన్ని కోసం చేసిన జగ్గు

మా చిన్నాన్న ప్లాస్టిక్ సామాన్లకు అచ్చులు చేస్తాడు. ముప్పై ఏళ్ళుగా ఇనుము చెక్కి చెక్కి చేతులు కాయలు కాశాయి గానీ నోరు మాత్రం ఇంకా మెత్తనే. నా మంటంతా అదే.

పిన్నికి కీళ్ళనొప్పులు. వేళ్ళు ముడుచుకోవు. నిండు జగ్గు ఎత్తబోయి రెండుసార్లు కాళ్ళ మీద పడేసుకుంది. చిన్నాన్న ఆర్నెల్లు వంటింటి గుమ్మంలో కూర్చుని కొయ్యతో పిడులు చెక్కాడు. ఆవిడ పట్టుకుని చూడటం, "ఊహూఁ" అనడం, ఆయన మళ్ళీ చెక్కడం. చివరికి అరచెయ్యి దూర్చితే చాలు, వేళ్ళు బిగించకుండానే జగ్గు లేచే పిడి కుదిరింది. ఆ రోజు పిన్ని దాహం ఉన్నవాళ్ళకీ లేనివాళ్ళకీ అందరికీ నీళ్ళు పోసింది.

మా వీధి అచ్చులవాళ్ళకో అలవాటుంది. కొత్త అచ్చులోంచి దిగిన మొదటి వంద ముక్కలూ చుట్టుపక్కల దుకాణాలకూ హోటళ్ళకూ ఊరికే ఇచ్చేస్తారు. ఏడాది పాటు వాళ్ళు వాడి బాగుందన్నాకే అమ్మకానికి పెడతారు. చిన్నాన్న కూడా ఆ పిడితో జగ్గుకు అచ్చు చేసి అలాగే పంచాడు. పంచే ముందు ఆ ఆకారాన్ని రిజిస్టరు చేయించుకోవాలని వీధిలో ఒక్కడికీ తట్టలేదు.

ఒక పెద్ద కంపెనీకి తట్టింది. మక్కీకి మక్కీ దించేసి, డిజైను తమ పేర రిజిస్టరు చేయించుకుని, చిన్నాన్నకే నోటీసు పంపారు. ఈ ఆకారం మాది, చెయ్యడం ఆపండి అని. సంతకం పెట్టిన మేనేజరు చెయ్యి పడిపోను అని తిట్టాను. చిన్నాన్న నన్నే మందలించాడు.

లాయరమ్మ దగ్గరికి వెళ్ళాం.

"వాళ్ళకంటే ముందే ఇది బయటికొచ్చిందని రుజువుందా?"

"లేకేమమ్మా, వందమందికి పంచాను." దుకాణాలవాళ్ళు రాసిచ్చిన కాగితాలు, తేదీలున్న ఫొటోలు సంబరంగా బల్ల మీద పరిచాడు.

"అయితే వాళ్ళ రిజిస్ట్రేషను కొట్టేస్తారు."

"మరి నా పేర రాస్తారా?"

"రాయరండీ. నలుగురి కంటా పడ్డాక అది కొత్తది కాదు. వాళ్ళకీ కాదు, మీకూ కాదు. పంచకముందే దరఖాస్తు పెట్టుకోవాల్సింది."

"నేను చేసింది నాకే పాతదెలా అవుతుందమ్మా?"

"చట్టం అంతేనండీ."

ఆవిడ చెప్పినట్టే జరిగింది. కేసు గెలిచాం. ఇప్పుడా జగ్గు చిన్నాన్న చేసుకోవచ్చు, కంపెనీ చేసుకోవచ్చు, దారినపోయే ఎవడైనా చేసుకోవచ్చు. దొంగ దగ్గర దొరికిన సొమ్ము సొంతదారుకివ్వకుండా నడివీధిలో పడేస్తే అదేం న్యాయమో నాకు అర్థం కాదు.

మొన్న ఆ మేనేజరే మా షెడ్డుకు వచ్చాడు, పిడి దగ్గర చిట్లిన జగ్గు పట్టుకుని. బయటి వంపు దించగలిగారు గానీ లోపల ఎక్కడ ఎంత మందం ఉండాలో వాళ్ళకు తెలియలేదు.

"మేస్త్రీగారూ, మా అచ్చు కాస్త సరిచేసి పెట్టాలి. మీరెంతంటే అంత."

"ఇది నేను చేసిందని దాని మీద నా పేరు వేస్తారా?"

అతను నవ్వాడు. "ఇది ఎవరి సొంతమూ కాదని మీ కేసులోనే తేలిందిగా."

చిన్నాన్న గొంతు లేవడం నేను అప్పుడే మొదటిసారి విన్నాను. "ఎవరిదీ కానిదాన్ని పట్టుకుని నా దగ్గరికెందుకొచ్చావురా? నడు బయటికి."

అతను వెళ్ళాక చిన్నాన్న నేల మీద కూలబడి వెక్కి వెక్కి ఏడ్చాడు. పిన్ని వచ్చి పక్కన కూర్చుంది. కేసు గెలిచినవాడు అలా ఏడవడం నేనెక్కడా చూడలేదు.