కొమురెల్లిని బాగుచేసిన ఏడాది

నర్సింగం ఎవరిని చూసినా ముందు వాళ్లలో ఏం తక్కువైందో చూసేవాడు. పాపం, అతన్నీ అనడానికి లేదు, చేసే పని అలాంటిది. గోదావరిఖనిలో బొగ్గు బాయిలో టింబర్‌మన్. భూమి లోపల పైకప్పు ఎక్కడ పగిలిందో, ఎక్కడ కుంగుతోందో కనిపెట్టి అక్కడ కర్ర దుంగ నిలబెట్టి ఆపడమే అతని డ్యూటీ. పైకి వచ్చి స్నానం చేసి తెల్లబట్టలు తొడుక్కున్నా ఆ చూపు మాత్రం దిగేది కాదు. పక్కింటివాడికి పొదుపు తెలియదు, ఎదురింటావిడకు మాట మీద అదుపు లేదు, మేస్త్రీకి కోపం ఎక్కువ. వీళ్లందరికీ ఏం చేస్తే బాగుపడతారో నర్సింగానికి తెలుసు. వాళ్లు అడక్కపోయినా చెప్పేవాడు. భార్య శోభ మాత్రం మన వంటింట్లో నల్లా ఆరు నెలలుగా కారుతోంది, ముందు దాన్ని బాగుచెయ్యమని పోరేది.

రెండు వేల పది చివర్లో ఊళ్లోని ఫంక్షన్ హాల్లో వ్యక్తిత్వ వికాస శిక్షణ పెట్టారు. హైదరాబాద్ నుంచి టై కట్టుకున్న ఆయన వచ్చి పొద్దంతా మాట్లాడాడు. అలాంటి పుస్తకాలు బస్టాండులో కొని అంతకుముందే నాలుగైదు చదివి ఉన్నాడేమో, నర్సింగం ముందు వరుసలో కూర్చుని ప్రతి మాటకూ తల ఊపాడు. చివర్లో ఆయన అందరినీ లేచి నిలబడమని, "వచ్చే ఏడాదిలో ఒక్క మనిషినైనా మార్చండి. అప్పుడే మీ బతుకు నిండుతుంది" అన్నాడు. నర్సింగం కళ్లు చెమర్చాయి. ఎవరిని మార్చాలా అని వెతుక్కోవలసిన అవసరం కూడా లేకపోయింది. చెల్లెలు పూలమ్మ మొగుడు కొమురెల్లి అదే బాయిలో పనిచేస్తూ రెండు వీధుల అవతలే ఉన్నాడు.

కొమురెల్లి చెడ్డవాడు కాదు. ఎవరినీ పల్లెత్తు మాట అనడు, పెళ్లాన్ని కొట్టడు, తాగినా చాటుగా తాగి మెల్లగా వచ్చి పడుకుంటాడు. అతని జబ్బల్లా నాగాలు. బాయి మీద హాజరైన రోజును మస్టర్ అంటారు, ఎగ్గొట్టిన రోజును నాగా అంటారు. ఏడాదికి ఇన్ని మస్టర్లు ఉండాలని లెక్క ఉంది. అవి తగ్గితే చార్జిషీటు ఇస్తారు, మళ్లీ తగ్గితే విచారణ పెట్టి ఉద్యోగం నుంచి తీసేస్తారు. కొమురెల్లికి ఇప్పటికే చార్జిషీటు అందింది. ఈ ఏడాది కూడా తగ్గితే ఇంటికే. ఉద్యోగం పోతే క్వార్టర్ పోతుంది, దవాఖాన పోతుంది, పూలమ్మ ఇద్దరు పిల్లలతో రోడ్డు మీద పడుతుంది. అందుకని నర్సింగం కంకణం కట్టుకున్నాడు.

జనవరి నుంచే మొదలుపెట్టాడు. మొదటి షిఫ్టుకు పోతూ పోతూ కొమురెల్లి ఇంటి ముందు బండి ఆపి, మనిషిని లేపి, అద్దం ముందు నిలబెట్టేవాడు.

"నేను గెలుస్త అను."

"ఎవల మీద బావా?" అని కళ్లు నులుముకుంటూ అడిగేవాడు కొమురెల్లి.

"ఎవల మీద ఏంది? నీ మీద నువ్వు గెలువాలె. నీ లోపల ఒక శక్తి ఉన్నది. దాన్ని లేపాలె."

"గది పండుకున్నది బావా. నేనొక్కన్నే లేచిన."

నర్సింగానికి ఒళ్లు మండేది. గోడకు మంచిమాటల కాగితాలు అంటించాడు. పొద్దున లేచాక చేయవలసిన పనులు వరసగా చెప్పి అప్పజెప్పించుకున్నాడు. కొమురెల్లి అన్నిటికీ సరేనన్నాడు, ఏ ఒక్కటీ చేయలేదు. వారంలో నాలుగు రోజులు వచ్చేవాడు, రెండు రోజులు ఎగ్గొట్టేవాడు. ఎందుకు రాలేదురా అంటే, "రాబుద్ధి కాలె" అనేవాడు. ఆ జవాబుకు ఏ పుస్తకంలోనూ మందు లేదు.

వేసవిలో అదే టై ఆయన కరీంనగర్‌లో పెద్ద శిక్షణ పెడుతున్నాడని తెలిసి, నర్సింగం తాను లీవు పెట్టుకుని, కొమురెల్లిని వెంటబెట్టుకుపోయాడు. కొమురెల్లికి లీవులెక్కడివి? అవీ నాగాలే పడ్డాయి. పైగా అక్కడ ఏసీ చల్లదనానికి హాయిగా నిద్రపోయాడు. తిరిగి వచ్చేసరికి పూలమ్మ గేటు దగ్గర కాచుకుని ఉంది.

"అన్నా, నీకు దండం పెడ్త. ఆయన నాగాలు ఆయన చేసుకుంటడు. నువ్వు గూడ చేపిచ్చుడు ఎందుకే?"

"భవిష్యత్తు కోసమే పూలమ్మా."

"భవిష్యత్తు సంగతి నాకు తెలువది. ఈ నెల జీతం కట్ అయితది, గది తెలుసు."

అప్పుడు నిజంగానే విసుగొచ్చింది నర్సింగానికి. తన నిద్ర, తన పెట్రోలు, తన నోరు అన్నీ ధారపోస్తుంటే ఇంత విశ్వాసం లేని మనుషులేమిటి? ఒక్క మనిషిని మార్చమన్నాడు ఆయన. ఈ ఒక్కడూ మారడు, పైగా అందరి ముందు తనను నవ్వులపాలు చేస్తున్నాడు. క్యాంటీన్‌లో జనం, "ఏం నర్సింగన్నా, శిష్యుడు లేచిండా?" అని ఎకసెక్కాలాడుతుంటే టీ గ్లాసు అక్కడే పెట్టి బయటికి వచ్చేసేవాడు.

సెప్టెంబరులో సకల జనుల సమ్మె వచ్చింది. తెలంగాణ కోసం బాయిలన్నీ బంద్. చౌరస్తాలో టెంటు వేశారు, రోడ్డు మీదే వంటావార్పు మొదలైంది. నర్సింగం మొదటి రోజే మైకు పట్టుకుని క్రమశిక్షణ గురించి మాట్లాడాడు. కొమురెల్లి జనంలో ఎక్కడో వెనక నిలబడి ఉంటే, వంట చూస్తున్న బుచ్చన్న కేక వేశాడు. బుచ్చన్న రిటైరైన కార్మికుడు. బొగ్గు దుమ్ము మింగీ మింగీ దమ్ము పట్టుకుంది. నాలుగు అడుగులు వేస్తే ఆయాసం.

"అరే పిలగా, నాతోని అయితలేదు. గీ బియ్యం కడిగియ్యవా?"

కొమురెల్లి కడిగాడు. మర్నాడు తెల్లారకముందే ఎవరూ లేపకుండా వచ్చి పొయ్యి రాజేశాడు. ఆ మర్నాడు కూడా వచ్చాడు. వారం తిరిగేసరికి గంటె అతని చేతికే వచ్చింది. మందు వాసన లేదు, బద్ధకం లేదు. వందల మందికి అన్నం వార్చి, అందరూ తిన్నాక బుచ్చన్న పక్కన కూర్చుని తాను తినేవాడు. బుచ్చన్న భార్య మల్లక్క అతన్ని కొడుకా అని పిలవడం మొదలుపెట్టింది.

నర్సింగం పొంగిపోయాడు. బంతిలో కూర్చున్నవాళ్లందరికీ వినపడేట్టు, "చూసిండ్రా? తొమ్మిది నెలల కష్టం. ఊకెనే మారిండా మనిషి?" అన్నాడు.

పప్పు వడ్డిస్తున్న కొమురెల్లి ఆగాడు. కోపంగా కాదు, ఆలోచించి చెప్పినట్టు చెప్పాడు. "బావా, నువ్వు చెప్పినయి నాకు ఒక్కటి యాదికి లేవు. మారు మారు అన్నవు గని, జర గీ పని చేసిపెట్టు అని ఎన్నడన్న అడిగినవా? ఇంట్ల అడుగరు, బాయి మీద అడుగరు. వీనితోని ఏమైతది అనుకుంటరు. ఈ కాక అడిగిండు. గంతే."

బంతిలో ఎవరో నవ్వారు. నర్సింగం ఆ రోజు అన్నం సగంలో వదిలేసి లేచిపోయాడు. ఇంటికి వచ్చి శోభతో, కృతజ్ఞత లేని జాతి అన్నాడు. కొమురెల్లి అన్న మాట మాత్రం అతనిలో ముల్లులా ఉండిపోయింది.

సమ్మె ముగిసి అందరూ బాయిలోకి దిగాక, వెల్ఫేర్ ఆఫీసరు వామనరావు కొమురెల్లిని పిలిపించాడు. మంథని మనిషి, నెమ్మదస్తుడు. తోడుగా నర్సింగం వెళ్లాడు. వామనరావు లెక్కలన్నీ చూసి, "సమ్మె రోజులు పక్కన పెట్టినా కూడా నీది అంచు మీద ఉన్నది కొమురెల్లీ. డిసెంబర్ ఆఖరు దాక ఒక్క నాగా లేకుండ వస్తె బయటపడ్తవు. ఒక్కటి పడ్డా ఇగ నాతోని కాదు" అన్నాడు. కొమురెల్లి తల ఊపాడు.

వచ్చాడు కూడా. నవంబరంతా వచ్చాడు. జ్వరంతో వచ్చాడు, కాలు బెణికినా కుంటుకుంటూ వచ్చాడు. పూలమ్మ ముఖంలో చాలా ఏళ్ల తర్వాత కాస్త కళ కనిపించింది. నర్సింగం సంతోషించాడు కానీ అందులో కొంచెం చేదు కూడా ఉంది. తాను ఏమీ చెప్పకుండానే మనిషి బాగుపడుతున్నాడాయె!

డిసెంబరు సగం దాటాక ఒక పొద్దున నర్సింగం బూట్ల లేసులు కట్టుకుంటుంటే మల్లక్క గేటు తోసుకుని వచ్చింది. నెత్తి మీద కొంగు లేదు, కాళ్లకు చెప్పులు లేవు.

"కొడుకా, మా ముసలాయనకు ఊపిరి ఆడుతలేదు. పెదవులు నల్లవడ్డయి. జర దవాఖానకు తీసుకపో కొడుకా, నీకు బండి ఉన్నది."

నర్సింగం గడియారం చూసుకున్నాడు. లీవులు అతనికి కుప్పలుగా ఉన్నాయి. కానీ ఆ నెలలో కూడా ఒక్క రోజూ పోనివ్వకుండా హాజరులో బాయి మొత్తానికి తానే మొదటివాడు కావాలని అతని పట్టుదల. క్రమశిక్షణ గురించి చెప్పేవాడు ముందు తాను చూపించాలి కదా.

"అవ్వా, ముందుగాల నువ్వు ధైర్యం తెచ్చుకోవాలె. భయపడితె పని ఖరాబైతది. శోభా, నూట ఎనిమిదికి ఫోన్ చెయ్యి. అంబులెన్స్ వస్తదవ్వా, అండ్ల ఆక్సిజన్ గూడ ఉంటది. నా బండి మీద కూసోబెడితె ఇంక కష్టమైతది" అని చెప్పి, ఆమె భుజం తట్టి, బండి స్టార్టు చేశాడు. తాను చెప్పింది సబబే అనుకున్నాడు. దారిలో రెండోసారి కూడా అలాగే అనుకున్నాడు.

బాయి మీద కొమురెల్లి కనిపించలేదు. సైరన్ మోగింది, రాలేదు. కిందికి దిగే సమయం అయింది, అప్పటికీ రాలేదు. నర్సింగానికి నెత్తురు సర్రున తలకెక్కింది. ఇంకెన్ని రోజులు ఓపిక పట్టాలి? ఒడ్డు దగ్గరికి వచ్చి మునిగాడు, దరిద్రుడు! షిఫ్టంతా దుంగలు మోస్తూ అతన్నే తిట్టుకున్నాడు. పైకి రాగానే ఇంటికి పోకుండా నేరుగా కొమురెల్లి క్వార్టర్ ముందు బండి ఆపాడు.

"ఏడున్నడు వాడు? బయటికి రమ్మను! పెండ్లాం పిల్లలు అడుక్కతినాలెనా వీని నిద్రకు? ఏడాది సంది గొంతు చించుకున్న!" వీధి వీధంతా తలుపులు తెరుచుకున్నాయి.

పూలమ్మ ఏడ్చి ఏడ్చి వాచిన కళ్లతో బయటికి వచ్చింది. "దవాఖానల ఉన్నడన్నా."

"తాగి పడ్డడా?"

"బుచ్చన్న కాకను ఎత్తుకపోయిండు. డ్యూటికని టిఫిన్ సర్దుకొని గడప దాటిండో లేదో మల్లక్క వచ్చింది. అంబులెన్స్ వచ్చెదాక ఆగలేనన్నది. వద్దు, నౌకరి పోతదని కాళ్లు పట్టుకున్న. ‘అవ్వ నన్ను అడిగింది పూలమ్మా’ అని, ఆటో ఆపి, కాకను చేతుల మీద ఎత్తుకొని పోయిండు."

నర్సింగం బండిని దవాఖాన వైపు తిప్పాడు.

దవాఖానలో బుచ్చన్న ముఖానికి ఆక్సిజన్ గొట్టం పెట్టి ఉంది. సమయానికి తెచ్చారని, ప్రాణానికి భయం లేదని నర్సు చెప్పింది. కొమురెల్లి మంచం పక్కన నేల మీద కూర్చుని, పొద్దున కట్టుకున్న టిఫిన్ విప్పి మల్లక్కకు పెడుతున్నాడు. బావను చూసి లేచాడు.

"ముందుగాల మీ ఇంటికే వచ్చిందటగా, చెప్పింది అవ్వ. నువ్వు డ్యూటికి పోవుడే మంచిదైంది బావా. ఇద్దరి మస్టర్లు ఎందుకు పోవాలె?"

అందులో ఎత్తిపొడుపు లేదు. ఉంటే నర్సింగం తట్టుకునేవాడు, తిరిగి ఏదో ఒకటి అనేవాడు. లీవులున్నవాడు వెళ్లిపోయాడు, ఒక్క నాగాకు కూడా చోటు లేనివాడు ఆగాడు. ఇంత చిన్న లెక్క ఆ పొద్దున తనకెందుకు తట్టలేదో అతనికి అర్థం కాలేదు. సిగ్గుతో మల్లక్క వైపు చూడలేకపోయాడు.

జనవరిలో విచారణ జరిగింది. తోటి కార్మికుడిగా నర్సింగం కొమురెల్లి పక్కన నిలబడ్డాడు. మారిన మనిషి గురించి ఏం చెప్పాలో రాత్రంతా మనసులో అనుకుని వచ్చాడు. వామనరావు ఆ డిసెంబరు నాగాకు కారణం అడిగాడు.

"పని వడ్డది సార్" అన్నాడు కొమురెల్లి.

అనుకున్నదంతా మర్చిపోయాడు నర్సింగం. "ఆ నాగా నాది సార్. నా పేరు మీద రాసుకోండ్రి. ఆ ముసలవ్వ ముందు నా దగ్గరికే వచ్చింది. నాకు బండి ఉండె, లీవులు ఉండె. నేను సలహా చెప్పి పోయిన. నేను ఆగితె ఈయన డ్యూటికి వస్తుండె."

వామనరావు కలం కింద పెట్టాడు. "నాకు అర్థమైంది నర్సింగం. పైకి గూడ రాస్త. కాని ఆ రోజు నీకు మస్టర్ పడ్డది, ఈయనకు నాగా పడ్డది. నేను చూసేది గదే."

"అయితె నా మస్టర్ తీసెయ్యుండ్రి!"

"తీసేస్తె ఇద్దరికి నాగా అయితది. ఈయనకు ఏం లాభం?"

అందరికీ ఏం చెయ్యాలో చెప్పే నర్సింగం, ఎట్లనన్న చెయ్యుండ్రి సార్ అని చేతులు జోడించాడు. ఈ నెలాఖరుకు పేరు తీసేస్తారని వామనరావు మెల్లగా చెప్పాడు.

"ఊకో బావా, సారుకు పని ఉంటది" అని కొమురెల్లే అతన్ని చెయ్యి పట్టి బయటికి నడిపించాడు. ఆఫీసు మెట్ల మీద నర్సింగం కూలబడి, వచ్చేపోయేవాళ్లు చూస్తున్నా ఆపుకోలేక వెక్కి వెక్కి ఏడ్చాడు. కొమురెల్లి ఒక్క సలహా కూడా చెప్పకుండా, అతని ఏడుపు ఆగేదాకా పక్కనే కూర్చున్నాడు.