బ్యాంకాక్‌లో కామెర్లు

మా బావ బ్యాంకాక్ దగ్గర సముద్రపు ఒడ్డున ప్యాంటు పోగొట్టుకున్న రోజున, ఆఫీసు రికార్డుల ప్రకారం ఆయన సికింద్రాబాద్ బోయిగూడలో కామెర్లతో మంచం పట్టి ఉన్నాడు. ప్యాంటు పోతే పోయింది. దాని జేబులో పాస్‌పోర్టు ఉంది.

బావది గవర్నమెంటు ఉద్యోగం. ఆ నెలాఖరుకు రిటైర్మెంటు. సర్వీసంతా ఇన్‌వర్డ్ సెక్షన్లోనే గడిచింది. బయటి నుంచి వచ్చే ప్రతి కాగితం మీదా ముద్ర వేసి, నంబరు రాసి, లోపలికి పంపడం ఆయన పని. పొద్దున్నే ఆయనతో పాటు నడిచే మిత్రబృందానికి రిటైర్మెంటు లోపల ఒకసారి విమానం ఎక్కించాలనిపించింది. బ్యాంకాక్ టికెట్లు తీశారు. ఇళ్ళలో మాత్రం బుద్ధుడి గుళ్ళు చూడబోతున్నామని చెప్పారు. అంత భక్తి ఆ బృందంలో నేనెప్పుడూ చూడలేదు.

గవర్నమెంటు మనిషి దేశం దాటాలంటే ఆఫీసు అనుమతి కావాలి. దానికి దరఖాస్తు పెట్టాలి. దరఖాస్తులో ఊరి పేరు రాయాలి. ఒక కాగితం ఇన్‌వర్డ్ నుంచి ఆఫీసరు బల్ల మీదికి చేరేలోగా ఎంతమంది చదువుతారో బావకంటే బాగా తెలిసినవాళ్ళు లేరు. ఎందుకంటే మొదట చదివేది ఆయనే. అందుకని మెడికల్ లీవు పెట్టాడు. ఏ జబ్బు రాయాలన్న దాని మీద మిత్రులతో చర్చ కూడా జరిగిందట. జ్వరం త్వరగా తగ్గిపోతుంది. గుండె అంటే ఆస్పత్రి పేరు అడుగుతారు. నడుం నొప్పిని ఎవరూ నమ్మరు. కామెర్లయితే ఇంటిపట్టున పడుకోవాలి, పథ్యం చేయాలి, డాక్టర్లు కూడా విశ్రాంతే మందు అంటారు. కామెర్లు ఖాయమయ్యాయి. సర్టిఫికెట్ ఎక్కడ సంపాదించాడో నేను అడగలేదు. మా ఊళ్ళో అదేమంత కష్టం కాదు.

అక్కడ సముద్రం కనబడగానే మునక వేయాలనిపించింది. తెలుగువాడికి నీళ్ళంటే పుష్కరాలే. ప్యాంటు విప్పి, మడతపెట్టి, దాని మీద చెప్పులు బోర్లించి, తూర్పుకు తిరిగి మూడు మునకలు వేశాడు. గోదావరి రేవులో చెప్పుల కింద పెట్టిన బట్టలు ఎప్పుడూ పోలేదని తరువాత నాతో వాదించాడు. ఇక్కడ చెప్పులు మిగిలాయి. ఫోను కూడా మిగిలింది, మునిగేటప్పుడు ఫోటో తీయమని స్నేహితుడి చేతికిచ్చాడు కాబట్టి. హోటలుకు తువ్వాలు చుట్టుకుని వచ్చాడు.

అనుకున్న రోజున మిత్రులు విమానం ఎక్కి వచ్చేశారు. వస్తూ వస్తూ ఆయన సూట్‌కేసు జాగ్రత్తగా తెచ్చి మా అక్కకు అప్పగించారు. బట్టలు ఆయనకు అక్కడే కావాలన్న ఆలోచన ఒక్కడికీ రాలేదు.

అప్పుడు అక్క నాకు ఫోన్ చేసింది.

"తమ్మీ, మీ బావ ఆడ ఇరుక్కపోయిండురా. జెర చూడు. నెలాఖరుకు ఆఫీసుల కనబడకపోతే, గీ సంగతి తెలిసిపోతే, పెన్షన్ ఆపేస్తరట. గా పెన్షన్ తప్ప మాకేమున్నది?"

అక్క గొంతులో వణుకు ఉంది. దానితో నేను నవ్వు ఆపుకున్నాను. బావకు ఫోన్ చేశాను. ఆయన అక్కడ ఒక తెలుగాయన నడిపే మెస్ పైన గది తీసుకుని ఉన్నాడు.

"పోలీస్ స్టేషన్ల కంప్లైంట్ ఇయ్యి బావా. ఆ కాగితం పట్టుకుని మన ఎంబసీకి పో. వాళ్ళు తిరుగు ప్రయాణానికి కాగితం ఇస్తారు. అంతే."

"అంతే అంటవు. కంప్లైంట్ ఇస్తే నా పేరు ఎక్కుతది. ఎక్కిన పేరు ఎటెటో తిరిగి నా ఆఫీసుకే వస్తది. నీకు తెల్వదు బామ్మర్దీ, ఇన్నేండ్ల నుంచి చూస్తున్న. దునియాల ఏ కాగితమైనా ఆఖరికి ఇన్‌వర్డ్‌కే వస్తది."

"మంచిదే కదా. నీ సెక్షనే. వస్తే నువ్వే తీసుకో."

"నేను ఈడుంటే ఆడ ఎవడు తీసుకుంటడు?"

నేను మళ్ళీ ఎంబసీ మాట ఎత్తబోతే ఆయనే అందుకున్నాడు.

"నువ్వు పేపర్ల పని చేసినోనివి. నీకు తెల్వనోళ్ళుంటరా? ఎవరికన్న చెప్పి పైరవీ చెయ్యి. నువ్వు చెప్పేదాంక నేను ఎంబసీ గడప తొక్క."

పత్రికలో పనిచేసినవాడికి ఊళ్ళో అందరూ తెలుసన్నది మా వాళ్ళ గట్టి నమ్మకం. నాకు తెలిసిన పెద్దవాళ్ళలో ఎక్కువమంది నేను రాసినవి చదివి నాతో మాట్లాడటం మానేసినవాళ్ళు. ఆ మాట చెబితే బావ నమ్మడు. లైన్లో నిలబడితే అయ్యే పని అన్నా నమ్మడు. మా దగ్గర లైన్ అనేది ఎవరూ తెలియనివాళ్ళ కోసం పెట్టిన ఏర్పాటు. అందులో నిలబడటమంటే తనకు దిక్కు లేదని నలుగురి ముందూ ఒప్పుకోవడం. జనన ధ్రువపత్రానికి పైరవీ, గ్యాస్ కనెక్షన్‌కు పైరవీ, చివరికి శ్మశానంలో మంచి చోటుకు కూడా పైరవీ.

నేనూ తక్కువ తినలేదు. ఒక పాత మిత్రుడికి ఫోన్ చేశాను. అతను తనకు తెలిసిన ఇంకొకరికి చెబుతానన్నాడు. బావ మిత్రబృందం ఎవరి దారిన వాళ్ళు ఇంకొంతమందికి చెప్పారు. ప్రతి ఒక్కడూ ఒకే మాట అన్నాడు: "నేను చెప్పేదాకా ఆయన్ను ఎక్కడికీ కదలొద్దనండి." బావ కదలలేదు. మెస్‌లో ముద్దపప్పు తింటూ కూర్చున్నాడు. అలా కూర్చుని ఉండగానే, దిగిన రోజు వేసిన వీసా గడువు దాటిపోయింది. పాస్‌పోర్టు పోయినవాడు కాస్తా, గడువు మీరి పరాయి దేశంలో ఉంటున్నవాడు కూడా అయ్యాడు. మొదటిది దొంగ చేసిన పని. రెండోది మేమందరం కలిసి చేసినది.

ఈలోగా బోయిగూడ ఇంటికి ఆఫీసు వాళ్ళు పరామర్శకు రావడం షురూ అయింది. అక్క భయపడిపోయి, ఆయన కాప్రాలో తమ్ముడి ఇంట్లో ఉన్నాడని, అక్కడ గాలి బాగుంటుందని చెప్పేసింది. కాప్రాలో ఉన్న ఆ తమ్ముణ్ణి నేనే. ఆదివారం పొద్దున ముగ్గురు కొబ్బరి బొండాలతో, చెరుకురసం సీసాతో మా గుమ్మంలో నిలబడ్డారు.

"నిద్రపోతున్నారు" అంది మా ఆవిడ వాళ్ళను చూడగానే. ఆమెకు అబద్ధం అంత తొందరగా వస్తుందని నాకప్పటిదాకా తెలియదు. లోపలి గదిలోకి వెళ్ళి ఫ్యాన్ వేసి, తలుపు దగ్గరకు వేసి వచ్చింది. ముగ్గురూ ఆ తలుపు వైపు చూస్తూ గొంతు తగ్గించి మాట్లాడారు. అందులో పెద్దాయన, బావ పక్క సీటు గుమాస్తా, పసరు మందు ఇచ్చే ఒకాయన్ను ఎరుగునట.

"పొద్దుగాల పరిగడుపున తాగాలె. చేదంటే గట్లాంటి గిట్లాంటి చేదు కాదు. ఉప్పు, కారం, నూనె బంద్. మా బామ్మర్దికి గట్లనే తగ్గింది. సార్‌కు సుత తెచ్చిస్త."

సరిగ్గా అప్పుడే నా ఫోన్ మోగింది. తెర మీద బావ ముఖం. వీడియో కాల్. నేను ఫోన్ బోర్లించి, "ఆస్పత్రి నుంచి" అన్నాను. ముగ్గురూ సానుభూతిగా తలలూపారు. అక్కడ మెస్‌లో ఎవరో పాట పెట్టినట్టున్నారు, నా అదృష్టం కొద్దీ ఇక్కడికి వినబడలేదు.

ఆ మర్నాడు సాయంత్రం నాకు తెలియని నంబరు నుంచి ఫోన్ వచ్చింది. ఒక స్త్రీ గొంతు, నింపాదిగా ఉంది. కోస్తా వైపు మాట.

"నమస్కారమండీ. మీ మిత్రులు వాళ్ళకి, వాళ్ళు ఇంకొకరికి, వాళ్ళు మా మరిదిగారికి చెప్పారట. మీ బంధువెవరో బ్యాంకాక్‌లో పాస్‌పోర్టు పోగొట్టుకున్నారని. మా అన్నయ్య ఢిల్లీలో ఆ శాఖలోనే పనిచేస్తారు. వివరాలు చెబితే కనుక్కుంటాను."

నేను కృతజ్ఞతలు చెప్పి, తమరెక్కడ పనిచేస్తారని మర్యాదకు అడిగాను. బేగంపేటలో అంటూ ఆఫీసు పేరు, తన హోదా చెప్పింది. అది మా బావ ఆఫీసు. ఆ హోదాలో ఉన్న మనిషి పెన్షన్ కాగితాల మీద సంతకం పెట్టాలి.

"ఆయన పేరు?" అంది.

నేను దగ్గాను.

"బోయిగూడలో ఉంటారనీ, గవర్నమెంటు ఉద్యోగమనీ, ఈ నెలాఖరుకే రిటైరవుతున్నారనీ చెప్పారు. అలాంటాయన మా సెక్షన్లో కూడా ఒకరున్నారండీ. కానీ ఆయన కాదులెండి. ఆయనకు కామెర్లు. పాపం, కాప్రాలో బావమరిది గారింట్లో నిద్రపోతున్నారట. మా వాళ్ళు నిన్న చూసొచ్చారు."

"చూడలేదండీ. ఫ్యాన్ చప్పుడు విన్నారు" అన్నాను. అబద్ధం అక్కడితో ఆగితే మేలనిపించింది.

ఆమె మళ్ళీ పేరు అడగలేదు.

"మీ బంధువుతో చెప్పండి. ముందు పోలీసు కంప్లైంటు. తర్వాత ఎంబసీ. తర్వాత అక్కడి ఇమిగ్రేషన్ వాళ్ళ దగ్గర గడువు దాటినందుకు జరిమానా. మూడు చోట్లా లైన్లో నిలబడమనండి. ఇక ఎవరికీ ఫోన్లు చేయొద్దనండి. ఎవరు చెప్పారంటే నా పేరు చెప్పకండి."

మొదటి రోజున నేను చెప్పిందే ఇది. బావకు ఫోన్ చేసి, పెద్ద పైరవీ దొరికిందని, ఆ మనిషి పేరు చెప్పొద్దన్నారని, లైన్లో నిలబడటమే వాళ్ళ షరతు అని చెప్పాను. బావ గొంతులో ఎన్నాళ్ళకో ఉత్సాహం వినిపించింది. మర్నాడు పొద్దున్నే అందరికంటే ముందు వెళ్ళి లైన్లో నిలబడ్డాడు.

పని సాఫీగా అయిపోయింది. పోలీసులు కాగితం ఇచ్చారు. ఎంబసీ వాళ్ళు దాన్ని చూసి, మనిషిని చూసి, ఇంటికి చేరడానికి కాగితం ఇచ్చారు. ఇమిగ్రేషన్‌లో బల్ల మీద కాసేపు కూర్చోబెట్టి, జరిమానా కట్టించుకుని, ముద్ర వేసి పంపించారు. ఆ ముద్ర వేసిన తీరు బాగాలేదని, సిరా తక్కువైందని బావ విమర్శ.

"నీ మనిషెవరో గాని పెద్ద మనిషే బామ్మర్దీ" అన్నాడు ఎయిర్‌పోర్టు నుంచి వస్తూ. "లైన్ల నా ముంగట ఎవ్వల్ని ఆపలే. నన్ను సుత ఆపలే. ఏం పైరవీ అది."

రిటైర్మెంటుకు ఇంకొన్ని రోజులుండగా ఆఫీసులో చేరాడు. ఒళ్ళు చేసి, ఎండకు నల్లబడి ఉన్నాడు. కామెర్లు తగ్గినవాడు అలా ఉండడని ఎవరైనా చెప్పగలరు. నాకు ఫోన్ చేసిన మేడమే ఆయన్ను గదిలోకి పిలిచింది.

"తగ్గిందాండీ?"

"తగ్గింది మేడం."

"పూర్తిగా తగ్గినట్టు లేదండీ. కళ్ళింకా పచ్చగానే ఉన్నాయి. మీ పెన్షన్ కాగితాలన్నీ సిద్ధంగా ఉన్నాయి, ఆఖరి రోజున సంతకం పెడతాను. అప్పటిదాకా మీ ఆరోగ్యం మా బాధ్యత" అని, పక్క సీటు పెద్దాయన్ను పిలిచి పసరు సంగతి అడిగింది. ఆయనకు అంతకంటే ఆనందం ఏముంది.

ఆనాటి నుంచి బావ రోజూ పరిగడుపున ఆఫీసుకు వెళ్ళి, మేడమ్ ఎదురుగా నిలబడి గ్లాసెడు పసరు తాగాడు. లేని జబ్బుకు అంత నిష్ఠగా వైద్యం చేయించుకున్నవాణ్ణి నేను చూడలేదు. మధ్యాహ్నం అక్క పంపిన టిఫిన్ డబ్బాను సెక్షనంతా మూత తీసి వాసన చూసేది, ఎక్కడైనా తాలింపు పడిందేమోనని. వాళ్ళది నిజమైన ప్రేమ. అదే బావను చంపింది.

"గింత చేదు నా జిందగీల తాగలే. ఆమెకు అనుమానం వచ్చిందంటవా?" అని నన్ను అడిగాడు.

"కాగితమేమైనా వచ్చిందా ఇన్‌వర్డ్‌కు?"

"రాలే."

"మరింకేం" అన్నాను.

వీడ్కోలు సభకు అక్కా, మా ఆవిడా, నేనూ వెళ్ళాం. మటన్ బిర్యానీ, బగారా అన్నం, మిర్చీకా సాలన్, డబుల్ కా మీఠా. హాలంతా ఆ వాసన. బావను దండతో, శాలువాతో మధ్యలో కూర్చోబెట్టారు. ఆయన సెక్షన్లో ఒక్క కాగితం తప్పిపోలేదని ఒకరు, తన వస్తువులనూ ఇతరుల వస్తువులనూ అంత పదిలంగా చూసుకునేవాడు లేడని ఇంకొకరు మాట్లాడారు. అక్క తల వంచుకుంది. మేడమ్ చివర్లో లేచి, జబ్బులో కూడా నిబ్బరం వదలని మనిషి అని రెండు మాటలు చెప్పి, పెన్షన్ కాగితాలున్న కవరు అందరి ముందూ బావ చేతిలో పెట్టింది. సంతకం పెట్టి ఉంది. అక్క కళ్ళు తుడుచుకుంది.

తరువాత భోజనాలు. బావ ముందు స్టీలు ప్లేటులో ఉప్పు లేని మజ్జిగన్నం పెట్టారు. మేడమ్ దగ్గరుండి వడ్డించింది. "ఇంకొంచెం వేసుకోండి. ఇవాళ మీ రోజు" అంది. పక్కనే ఎవరో ఎముకలోంచి మూలగ పీలుస్తున్న చప్పుడు వస్తుంటే బావ తల ఎత్తకుండా తిన్నాడు.

తిరిగి వస్తూ కారులో కవరు ఒళ్ళో పెట్టుకుని అడిగాడు. "ఇగ ఇప్పుడన్న చెప్పు. ఆ పైరవీ చేసిన పెద్ద మనిషెవరు? ఫోన్ చేసి శుక్రియా చెప్తా."

చెప్పాను. ఎవరు ఎవరికి చెబితే ఆమెదాకా చేరిందో కూడా చెప్పాను. బావ కవరు తెరిచి ఆమె సంతకం మళ్ళీ చూసుకున్నాడు. వెనక సీట్లో అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వో ఏడుపో నాకు అద్దంలో కనబడలేదు.

సికింద్రాబాద్ స్టేషన్ దాటాక ఒక బిర్యానీ హోటలు ముందు కారు ఆపమన్నాడు. పెన్షన్ చేతికొచ్చింది, పథ్యం అయిపోయింది, ఆకలవుతోందన్నాడు. తలుపు సగం తెరిచి, ఒక కాలు కింద పెట్టాడు. హోటల్లో జనం కిటకిటలాడుతున్నారు. ఒకరి తరువాత ఒకరి ముఖం వెతికినట్టు చూశాడు.

కాలు లోపలికి లాక్కుని తలుపు వేసుకున్నాడు.

"ఇంటికే పోదాం పా" అన్నాడు. "ఈ ఊళ్ళె ఎవ్వనికి ఎవ్వడు తెలుసో."